కొలత చెప్పినవారెవరు?

ప్రభుత్వం పేదవాడికి ఇచ్చే ప్రతి రూపాయి వెనుకా ఒక కొలత వుంటుంది. ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అనేది ఆ కొలతే తేలుస్తుంది. కొలత ఆకాశంనుంచి ఊడిపడదు. ఎవరో కొందరు కూర్చుని, ఆలోచించి, ప్రభుత్వానికి సలహా చెబుతారు. ఆ సలహా ఉత్తర్వుగా మారుతుంది. ఉత్తర్వు మీద కార్యదర్శి సంతకం వుంటుంది. సలహా ఇచ్చినవారి సంతకం వుండదు. చరిత్ర వ్రాసేవారు రాజులను, మంత్రులను, ఉత్తర్వులను లెక్కలోకి తీసుకుంటారు గాని, కొలత చెప్పిన మనిషిని చాలాసార్లు మరచిపోతారు. వికలాంగుల పింఛను విషయంలో ఆ మరపు ఎంత ఖరీదైనదో మన నెల్లూరు తీరపు గ్రామాలే చెబుతాయి.

కావలినుంచి తడ వరకూ సముద్రపు ఒడ్డున పట్టపువారి పల్లెలున్నాయి, యానాది సంఘాలున్నాయి, రొయ్యల గుంటల మీద కూలి చేసుకునే కుటుంబాలున్నాయి, కాస్త లోపలికి వస్తే వరి కయ్యలలో నాట్లు వేసే కూలీలున్నారు. వీరంతా ఒంటి బలం మీద బ్రతికేవారు. చెయ్యి పడిపోతే కూడు పోతుంది. అట్లాంటి ఇంట్లో వికలాంగుల పింఛను ఒక్కొక్కప్పుడు నెల పొడుగునా కనిపించే ఏకైక నికరమైన రాబడి. 2014 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 40 నుంచి 79 శాతం వైకల్యం వున్నవారికి నెలకు 1000 రూపాయలు, 80 శాతం దాటినవారికి 1500 రూపాయలు ఇవ్వసాగింది. 2019లో ఆ మొత్తం 3000 అయింది. 2024లో ప్రభుత్వం మారిన తరువాత 6000 అయింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి 15000 నిర్ణయమైంది. మొత్తం పెరిగింది, సంతోషమే. అయితే మొత్తంతోపాటు కొలత విలువ కూడా పెరిగింది. 39 శాతానికీ 40 శాతానికీ మధ్య తేడా ఇప్పుడు నెలకు 6000 రూపాయలు.

2025 జనవరినుంచి రాష్ట్రమంతటా ఈ పింఛనుదారుల వైకల్యాన్ని తిరిగి పరీక్షించే కార్యక్రమం సాగింది. బోగస్ సర్టిఫికెట్లు వున్నాయన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఆగస్టు నాటికి వేలాది మందికి నోటీసులు అందాయి. మీ వైకల్యం 40 శాతం కంటె తక్కువ, కాబట్టి మీరు అనర్హులు అన్నది వాటి సారాంశం. వికలాంగుల సంఘాలు వీధికెక్కాయి. అప్పీలు చేసుకోవచ్చుననీ, అంతవరకు పింఛను ఆగదనీ ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. అప్పీలు దేనిమీద చేసుకోవాలి? డాక్టరు వేసిన అంకె మీద. ఆ అంకె వేయడానికి డాక్టరు చేతికి పట్టిక ఇచ్చినవారి మీద అప్పీలు లేదు.

ఇక్కడ ఒక వింత గమనించవలసి వున్నది. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చిన తరువాత లబ్ధిదారుల జాబితాలను సచివాలయం గోడమీద అంటించడం పరిపాటి అయింది. ఎవరికి ఏ పింఛను వస్తున్నదో ఊరంతా చదువుకోవచ్చు. ఇది సోషల్ ఆడిట్ కోసమట, మంచిదే. ప్రజాధనం ఎవరికి పోతున్నదో ప్రజలకు తెలియాలి. కాని కుంటివాడు, గుడ్డివాడు, వెన్ను విరిగినవాడు గోడకెక్కినప్పుడు, వాళ్ళకు కొలత పెట్టినవారు మాత్రం ఎందుకు గోడకెక్కరు? పారదర్శకత అనే మాటకు మన పాలనలో క్రిందివాడి వైపు మాత్రమే ముఖం వున్నదా?

ఈ ప్రశ్న కొత్తది కాదు. దీనికి మన తీరంలోనే సుమారు 150 ఏళ్ళ చరిత్ర వున్నది.

*

1876-78 నాటి మహాక్షామాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధానిలో కరువు సోకిన జిల్లాలలో నెల్లూరు ఒకటి. మన తీరం పొడుగునా పోయే బకింగ్‌హాం కాలువలో కొంత భాగం ఆ కరువు పనుల కింద తవ్వించినదే. 1878లో దానికి అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. ఆకలికి కడుపులో పేగులు మాడుతున్నవారు తట్టలు మోసి తవ్విన కాలువకు గవర్నరు పేరు మిగిలింది. మోసినవారి పేర్లు మిగలలేదు.

కరువు పనులలో ప్రభుత్వం ప్రజలను రెండుగా విడగొట్టింది. పని చేయగలవారు ఒకవైపు. వారికి పనికి కూలి. పని చేయలేనివారు మరొకవైపు. వృద్ధులు, కుంటివారు, అంధులు, మంచం పట్టినవారు. వారికి ఉచిత సహాయం. ఎవరు ఏ వైపు అనేది గ్రామాధికారులూ, కరువు సహాయపు అధికారులూ తేల్చేవారు. ఒంట్లో కాస్త శక్తి వున్నవాడు ఉచితంగా తినిపోతాడేమో అన్న అనుమానం ఆ విభజనకు పునాది. నేటి వికలాంగుల పింఛనులో బోగస్‌ల వేట ఎక్కడినుంచి వచ్చిందో వెతికేవారు ఇక్కడికి రావాలి. సహాయం అడిగినవాడు ముందుగా తాను దొంగను కానని నిరూపించుకోవాలనే పద్ధతి ఆనాటి దొరల తయారీ.

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ప్రభుత్వం సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారిని మద్రాసుకు కరువు ప్రతినిధిగా పంపింది. అంతకు మూడేళ్ళ క్రితం 1873-74లో బీహారు కరువులో టెంపుల్ ధారాళంగా ధాన్యం తెప్పించి ప్రాణాలు నిలిపాడు. అందుకు ఖజానా దుబారా చేశాడని తిట్లు తిన్నాడు. తిట్లు తిన్న మనిషి రెండోసారి వచ్చినప్పుడు పొదుపు గురించే ఆలోచించాడు. కరువు పనిచేసే మగవానికి రోజుకు ఒక పౌను గింజలు, పైన చిల్లర డబ్బు సరిపోతుందని సలహా ఇచ్చాడు. పౌను అంటే అరకిలోకు కొంచెం తక్కువ. అది తిని రోజంతా మట్టి మోయాలి. ఆ కొలతకు చరిత్రలో టెంపుల్ కూలి అనే పేరు నిలిచిపోయింది.

మద్రాసు ప్రభుత్వపు పారిశుద్ధ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ దీనిని ఎదిరించాడు. పనిచేసే మనిషికి కనీసం ఒకటిన్నర పౌను గింజలు, దానితోపాటు పప్పు, కూరలు వుండాలని వాదించాడు. టెంపుల్ జవాబు చెప్పాడు, కార్నిష్ ప్రతిజవాబు చెప్పాడు. ఈ వాదం తలుపులు మూసుకుని జరగలేదు. ఇద్దరి లేఖలూ అచ్చయ్యాయి. విలియం డిగ్బీ 1878లో దక్షిణ భారత కరువు మీద వ్రాసిన గ్రంథంలో వాటిని విపులంగా చేర్చాడు. 1877 మార్చిలో మద్రాసు ప్రభుత్వం కార్నిష్ కోరినదానిలో సగం దూరం వచ్చి, ఒకటింబావు పౌను గింజలూ కొద్దిగా పప్పూ ఇచ్చింది.

దీనినిబట్టి బ్రిటిషు ప్రభుత్వం ఉదారమైనదని ఎవరూ భ్రమపడనక్కరలేదు. అది ధాన్యం రేవులు దాటిపోతుంటే చూస్తూ కూర్చున్న ప్రభుత్వం. లక్షల మంది చనిపోయిన తరువాత పావు పౌను పెంచిన ప్రభుత్వం. ఇక్కడ మనం గుర్తించవలసినది ఒక్కటే: పౌను చాలునన్నవాడి పేరు తెలిసింది, అతని కారణాలు తెలిశాయి, కాబట్టి వాటిని కాదనడం సాధ్యమైంది. ఎదురు నిలిచినవాడు ఒక శాస్త్రజ్ఞుడు. అతని చేతిలో అంకెలున్నాయి, ఎదుటివాడి అంకెలూ అతని ముందున్నాయి. నేడు ఒక కొలతను కాదనదలచినవాడికి ఆపాటి వసతి కావాలిగదా. అయితే ఆ వాదంలోకూడా మాట్లాడినవారు ఇద్దరు దొరలే. గింజలు తినే మనిషిని ఎవరూ అడగలేదు.

*

అడిగితే ఏమవుతుందో నెల్లూరు జిల్లా మరొక సందర్భంలో చూపించింది.

1930ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా మెట్ట తాలూకాలలో రైతులు ఒక సంగతి గమనించారు. దుక్కి ఎద్దులు కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోతున్నాయి. ఎద్దు పడిపోతే రైతు పడిపోయినట్లే, కాబట్టి రైతు కన్ను ఎద్దు కాళ్ళ మీద వుంటుంది. తరువాత అదే బిగుతు మనుషులలోనూ కనబడింది. నడుము వంగదు, మెడ తిరగదు, పండ్లు పచ్చబారి గారకట్టినట్లవుతాయి. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రజ్ఞులు పరిశోధించి, 1937లో నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధి వున్నదని ప్రకటించారు. తాగే నీటిలోని ఫ్లోరైడు దీనికి కారణం. భారతదేశంలో ఈ వ్యాధి శాస్త్రరీత్యా వెల్లడి కావడం నెల్లూరు జిల్లాతోనే మొదలయింది. ఆనాటి నెల్లూరు జిల్లా పెద్దది. దానిలోని పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి పోయాయి, అదే తరువాత ప్రకాశం జిల్లా అయింది.

ఈ కథలో శాస్త్రజ్ఞుల గొప్పతనాన్ని తగ్గించనక్కరలేదు. కాని మొదటి సాక్షి పట్టభద్రుడు కాడు, ఎద్దుల కాళ్ళు తడిమి చూసిన రైతు. బాధ పడేవాడికి బాధ గురించి కొంత తెలుసు, ఆ తెలివి శాస్త్రానికి పనికివస్తుంది. ఈ చిన్న సత్యాన్ని ప్రపంచం అంతర్జాతీయ చట్టంగా గుర్తించడానికి 2006 దాకా పట్టింది. ఆ ఏడాది ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, తన 4వ అధికరణంలో, వికలాంగులకు సంబంధించిన చట్టాలూ విధానాలూ చేసేటప్పుడు వారిని, వారి సంఘాల ద్వారా, సన్నిహితంగా సంప్రదించాలని ప్రభుత్వాలను కట్టడి చేసింది. భారతదేశం 2007 అక్టోబరులో దానిని ధ్రువీకరించింది. మన ప్రభుత్వం తన చేత్తో సంతకం చేసిన మాట అది.

*

ఇప్పుడు శాతాల సంగతికి వద్దాము. వైకల్యాన్ని శాతాలలో కొలిచే పద్ధతి మన దేశంలో 1986లో కేంద్ర సంక్షేమ మంత్రిత్వశాఖ ఇచ్చిన నిర్వచనాలతో స్థిరపడింది. 1995 నాటి వికలాంగుల చట్టం 40 శాతాన్ని గీతగా గీసింది. 2001 జూన్‌లో కేంద్రం కొత్త మార్గదర్శకాలు వెలువరించింది. వాటిని తయారుచేసినవి ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీలు. 2016లో కొత్త చట్టం వచ్చింది, 2018లో మళ్ళీ మార్గదర్శకాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2010 ప్రాంతంనుంచి ఈ లెక్క కంప్యూటరుకు ఎక్కి సదరం అనే పేరుతో ప్రతి పల్లెకూ తెలిసింది. సదరం క్యాంపు, సదరం సర్టిఫికెట్ అనే మాటలు చదువురాని ముసలమ్మకూ నోటికి వచ్చాయి.

2001 మార్గదర్శకాలలో చేతి వైకల్యాన్ని కొలిచే భాగాన్ని మన విద్యార్థులు ఒకసారి చదవాలి. చెయ్యి సమన్వయంతో పనిచేస్తున్నదా లేదా అని చూడటానికి అక్కడ పది పనులు ఇచ్చారు. ఒక్కొక్క పనికి 9 శాతం చొప్పున మొత్తం 90 శాతం. తల పైనున్న వస్తువు తీసి మళ్ళీ అక్కడ పెట్టడం, ముక్కు తాకడం, చేత్తో తినడం, తల దువ్వుకోవడం, చొక్కా తొడుక్కోవడం, గ్లాసుతో నీళ్ళు తాగడం, గుండీలు పెట్టుకోవడం, నాడా, ధోవతి కట్టుకోవడం, వ్రాయడం, ఈ తరహా పనులు. ఈ జాబితా చదువుతుంటే దానిని వ్రాసిన మనిషి రూపం కళ్ళముందు కదులుతుంది. ఆయనకు గుండీల చొక్కా వున్నది. ఆయన పైజామా నాడా ముడివేసుకుంటాడు. ఆయన రోజూ వ్రాస్తాడు. ఆయన వల లాగడు.

మైపాడులోనో ఇస్కపల్లిలోనో ఒక జాలరికి భుజం దెబ్బతిన్నదనుకోండి. అతడు గ్లాసెత్తి నీళ్ళు తాగగలడు, ముక్కు తాకగలడు, చేత్తో అన్నం తినగలడు. కాని తడిసిన వల బరువు లాగలేడు, తెప్పను ఇసుక మీదికి నెట్టలేడు. అతని బ్రతుకు దృష్ట్యా అతని చెయ్యి పోయినట్లే. పట్టిక దృష్ట్యా అతని చెయ్యి దాదాపు బాగానే వున్నది. నాటు వేసే మనిషికి నడుము, ఉప్పు కయ్యలో పనిచేసే మనిషికి పాదాల చర్మం, ఎలుకలు పట్టి బ్రతికిన యానాదికి చేతివేళ్ళు - ఇవి వారి వారి ఉత్పత్తి సాధనాలు. పట్టిక శరీరాన్ని కొలుస్తుంది, శ్రమను కొలవదు. వ్రాతకు 9 శాతం ఇచ్చిన పట్టిక, బడి ముఖం చూడని మనిషి ముందు ఏమి చేస్తుంది? అతనికి ఎన్నడూ లేని శక్తి పోయిందని లెక్కవేస్తుందా, లేక లెక్కే వేయదా?

ఇందులో వైద్యుల దురుద్దేశం వున్నదని నా వాదం కాదు. ఎముకల వైద్యుడు ఎముకను చూస్తాడు. అది అతని చదువు. ఆ గదిలో వైద్యుడి ప్రక్కన వల లాగే మనిషి ఒకడు, నాట్లు వేసే మనిషి ఒకతె కూర్చుని వుంటే పట్టిక వేరే విధంగా వుండేదన్నది నా వాదం. ఆ గదిలో ఎవరు కూర్చున్నారన్నది అందుకే రాజకీయ ప్రశ్న. ఢిల్లీ గెజిట్‌లో ఇంగ్లీషులో అచ్చయినదాన్ని ఇస్కపల్లి మనిషికి తెలియజెప్పినట్లు లెక్కవేయడానికి వీలులేదు.

ఇంకొక విచిత్రం కూడా వున్నది. కేంద్ర ప్రభుత్వం 2009లో ప్రారంభించిన ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను 80 శాతం వైకల్యం వుంటేగాని వర్తించదు. దాని మొత్తం నెలకు 300 రూపాయలు. రాష్ట్రానికి 40 చాలు. అంటే 60 శాతం వైకల్యం వున్న మనిషి అమరావతి కంటికి వికలాంగుడు, ఢిల్లీ పింఛను కంటికి కాడు. ఒకే శరీరం, రెండు కొలతలు. ఇది శాస్త్రం మాత్రమే అయితే రెండు అంకెలు వుండవలసిన పనిలేదు. ఇది బొక్కసపు లెక్క, శాస్త్రపు దుస్తులు వేసుకుని వచ్చింది. బొక్కసపు లెక్క కావడం నేరం కాదు. అట్లా అని చెప్పకపోవడం నేరం.

*

సలహాదారుడికి స్వప్రయోజనం వుంటే ఏమి జరుగుతుందో బ్రిటన్ అనుభవం చెబుతుంది. 1990లలో అక్కడి కన్సర్వేటివ్ ప్రభుత్వం పనిచేయలేనివారికిచ్చే భృతిని కుదించదలచి, అమెరికాకు చెందిన యూనమ్ అనే బీమా కంపెనీ ఉపాధ్యక్షుడు జాన్ లొకాసియోను సలహాకు పిలిచింది. అనారోగ్యానికి బీమా అమ్మే కంపెనీ అది. ప్రభుత్వం ఇచ్చే భృతి ఎంత తగ్గితే జనం అంతగా ప్రైవేటు బీమా వైపు చూస్తారని ఎవరికైనా తెలుసు. 2001లో ఆక్స్‌ఫర్డ్ దగ్గర వుడ్‌స్టాక్‌లో జబ్బు నటించేవారి గురించి ఒక సదస్సే జరిగింది. 2008లో పని సామర్థ్య పరీక్ష వచ్చింది. దాన్ని నడిపే కాంట్రాక్టు ఆటోస్ అనే ప్రైవేటు కంపెనీకి దక్కింది. వీల్‌చైర్లలో వున్నవారు, మంచం మీద వున్నవారు ఏళ్ళతరబడి పార్లమెంటు ప్రశ్నలూ సమాచార చట్టపు దరఖాస్తులూ పేర్చుకుంటూ, ఈ సలహాదారుల పేర్లను ఒక్కొక్కటిగా వెలికితీశారు. నిరసనలు పెరిగి 2014లో ఆటోస్ గడువుకు ముందే తప్పుకుంటానని ఒప్పుకోవలసి వచ్చింది. పేరు తెలిసిన తరువాతనే పోరాటానికి గురి కుదిరింది.

మన దగ్గర ఇట్లాంటి ప్రమాదం లేదని అనుకునేవారు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 66వ సెక్షను తెరవాలి. ప్రతి రాష్ట్రంలోనూ వికలాంగుల విషయంలో ఒక రాష్ట్ర సలహా మండలి వుండాలని ఆ సెక్షను చెబుతుంది. మంత్రి అధ్యక్షుడు. కార్యదర్శులు, శాసనసభ్యులు సభ్యులు. నిపుణులు ఐదుగురు, జిల్లాల ప్రతినిధులు ఐదుగురు, స్వచ్ఛంద సంస్థలూ వికలాంగుల సంఘాల ప్రతినిధులు పదిమంది. వీలైనంతవరకు వికలాంగులే వుండాలి. ఆ పదిమందిలో కనీసం ఐదుగురు స్త్రీలు, షెడ్యూల్డు కులాలనుంచి ఒకరు, తెగలనుంచి ఒకరు వుండాలి. ఇంతవరకు బాగున్నది. ఆ తరువాత రాష్ట్ర వాణిజ్య పరిశ్రమల మండలికి ముగ్గురు ప్రతినిధులవరకు చోటు వున్నది. కార్మిక సంఘానికి చోటు లేదు. వ్యవసాయ కూలి సంఘానికి చోటు లేదు. మత్స్యకారులకు చోటు లేదు. వైకల్యం పొలంలో, పడవలో, ఫ్యాక్టరీలో, తాపీపని గోడమీదకూడా పుడుతుంది. అక్కడినుంచి ఎవరినీ పిలవకుండా, ఫ్యాక్టరీ యజమానుల మండలికి మాత్రం చట్టం పేరుపెట్టి కుర్చీ వేసింది. వర్గ సమాజంలో కుర్చీలు వేయడంకూడా వర్గరీతిగానే జరుగుతుంది.

ఈ మండలి ఆరునెలలకొకసారైనా సమావేశం కావాలని చట్టం శాసించింది. జిల్లా స్థాయి కమిటీ వుండాలని 72వ సెక్షను అన్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను ఇంకా ముందుకు వెళ్ళింది. సలహా కోసం ఇద్దరు లేక అంతకుమించిన సభ్యులతో ఏర్పడిన ప్రతి మండలి, కమిటీ వివరాలనూ, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చునా, వాటి మినిట్స్ ప్రజలకు అందుతాయా అనే సంగతినీ, ఎవరూ అడగకముందే ప్రకటించాలని ఆదేశించింది. ముఖ్యమైన విధానం రూపొందించేటప్పుడు సంబంధిత వాస్తవాలన్నీ ప్రచురించాలన్నది. నిర్ణయంవల్ల నష్టపోయినవారికి కారణాలు చెప్పాలన్నది. లబ్ధిదారుల వివరాలు ప్రకటించాలన్న నియమంకూడా ఆ సెక్షనులోనే వున్నది. ఒకే సెక్షనులోని రెండు నియమాలలో ఒకటి సచివాలయం గోడకెక్కింది. రెండవదాన్నికూడా అదే గోడకెక్కించమని అడగడంలో అత్యాశ ఏమున్నది?

ఈ దారి ఇప్పుడు మరికొంత ఇరుకయింది. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం, సమాచార హక్కు చట్టంలోని వ్యక్తిగత సమాచారపు మినహాయింపును విస్తరించింది. 2025 నవంబరులో ఆ సవరణ అమలుకు వచ్చింది. ప్రజాప్రయోజనం వుంటే ఇవ్వవచ్చునని ఆ క్లాజులో వుండిన మాట పోయింది. వికలాంగుడి శరీరం గోడమీద బహిరంగం, సలహాదారుడి పేరు వ్యక్తిగతం అనే స్థితికి తలుపు తెరుచుకున్నది. 8వ సెక్షను రెండవ ఉపవిభాగంలో ప్రజాప్రయోజనం మాట ఇంకా మిగిలే వున్నది. దానిని పట్టుకుని అడగాలి.

పారదర్శకంగా చేయడం అసాధ్యం కాదు. 2010లో కేంద్ర ప్రభుత్వం కొత్త చట్టం ముసాయిదా కోసం డాక్టర్ సుధా కౌల్ అధ్యక్షతన కమిటీ వేసింది. కమిటీలో ఎవరున్నారో దేశానికి తెలుసు. హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయపు ఆచార్య అమితా ధండా న్యాయ సలహాదారుగా పనిచేసిన సంగతీ తెలుసు. 2011లో ముసాయిదా బయటికి వచ్చింది. తరువాత ప్రభుత్వం తెచ్చిన బిల్లు ఆ ముసాయిదాను ఎక్కడెక్కడ నీరుగార్చిందో వికలాంగుల సంఘాలు అంశాలవారీగా చూపించి పోరాడగలిగాయి. సలహా ఏమిటో తెలుసు కాబట్టి సలహాకూ చట్టానికీ మధ్య తేడా కొలవగలిగారు.

*

కొన్ని ఆక్షేపణలున్నాయి. దొంగ సర్టిఫికెట్లు నిజంగా వున్నాయిగదా అంటారు. వున్నాయి. దళారులూ వున్నారు. కాని దొంగ సర్టిఫికెట్ తనంతట తాను పుట్టదు; దాని క్రింద సంతకం వుంటుంది. సంతకంవైపు వెళ్ళకుండా పింఛనువైపు మాత్రమే వెళ్ళే తనిఖీ సగం తనిఖీ. పేర్లు బయటపెడితే నిపుణుల మీద ఒత్తిడి వస్తుంది, నిర్భయంగా సలహా ఇవ్వలేరు అంటారు. ఒత్తిడి ఇప్పుడూ వున్నది. అది ఖజానావైపునుంచి, పలుకుబడివైపునుంచి రహస్యంగా వస్తున్నది. బహిరంగమైనప్పుడు కనీసం రెండవ వైపునుంచికూడా వస్తుంది. కార్నిష్ తన పేరు పెట్టి వ్రాసినందువల్ల అతని శాస్త్రం చెడిపోలేదు.

పేర్లు మారిస్తే గౌరవం వచ్చినట్లే అనేవారూ వున్నారు. 2015 చివరలో ప్రధానమంత్రి దివ్యాంగులనే మాట తెచ్చారు. మన రాష్ట్రంలో శాఖ పేరు విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ. ప్రతిభావంతులైతే వారి ప్రతిభను సలహాకు వాడుకోవద్దా? దివ్యత్వాన్ని ఆపాదించి గుమ్మం బయట కూర్చోబెట్టడం మన సమాజానికి కొత్త విద్య కాదు. స్త్రీని దేవతగా పూజిస్తూ వంటింటికి పరిమితం చేసినది ఈ విద్యే.

ఈ జిల్లా ప్రజలకు గుమ్మం దాటడం తెలుసు. సారా విధానం ఎక్సైజు శాఖవారూ కాంట్రాక్టర్లూ తేల్చుకునే వ్యవహారంగా వుండిన రోజులలో, 1992లో దూబగుంట స్త్రీలు ఆ వ్యవహారం మాదని అన్నారు. వారికి ఆర్థికశాస్త్రం చెప్పిన నిపుణులు లేరు; అక్షరదీపం రాత్రిబడులలో నేర్చుకున్న నాలుగు అక్షరాలూ, తమ ఇంటి అనుభవమూ వున్నాయి. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఖజానాకు సలహా చెప్పే హక్కు ఎవరికి వున్నదనే ప్రశ్నకు వారు తమ జవాబు చెప్పారు.

మన పని చిన్నదీ, నిర్దిష్టమైనదీ. రాష్ట్ర సలహా మండలి సభ్యుల పేర్లూ, వారి వృత్తులూ, వారికి ఏ కంపెనీతో సంబంధమున్నదీ తెలుగులో ప్రకటించాలని అడగాలి. సమావేశాల తేదీలూ మినిట్స్ సచివాలయం గోడకు రావాలని అడగాలి. జిల్లా కమిటీలో వ్యవసాయ కూలీలకూ, మత్స్యకారులకూ, యానాదులకూ చోటు కావాలని అడగాలి. అనర్హుడని తేల్చిన ప్రతి నోటీసులోనూ శాతంతోపాటు ఆ శాతం ఏ పట్టిక ప్రకారం, ఏ ఏ అంశాల మీద వచ్చిందో వ్రాయాలని అడగాలి. సమాచార హక్కు దరఖాస్తు వ్రాయడం మన కళాశాల విద్యార్థులకు ఒక గంట పని. పదిరూపాయల రుసుము, దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదికూడా లేదు. నోటీసు అందుకున్న మనిషి దానిని చదవలేకపోవచ్చు, మనం చదవగలము. అధ్యాపకులుగా మన వద్దనున్న ఆస్తి ఆ చదువే గదా. మార్గదర్శకాలను తెలుగులోకి తెచ్చి, పల్లెల్లో చదివి వినిపించి, వల లాగే మనిషి వాటి గురించి ఏమంటాడో వ్రాసిపెట్టుకుందాము. ఎద్దుల కాళ్ళు తడిమిన రైతు మాట 1937లో శాస్త్రానికి పనికివచ్చింది. ఈ మాట ప్రభుత్వానికి పనికిరాదని ఎవరైనా అంటే, ఆ అన్నవారి పేరుకూడా వ్రాసిపెట్టుకుందాము.